బీఎస్‌డబ్ల్యూ: ఫీజు కంటే ముందు ఫీల్డ్ వర్క్ గురించి అడగండి

మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ కాగానే పెళ్లయింది. బాబు బడికి పోవడం మొదలయ్యాక, 2021లో ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ డిగ్రీ) తీసుకున్నాను. 2024లో పూర్తయింది. ఇప్పుడు వరంగల్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో పిల్లల రక్షణ పని చేస్తున్నాను. "అక్కా, తక్కువ ఖర్చుతో అయిపోతుందా?" అని మా ఊరి అమ్మాయిలు అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

నాకు ఫీజు కంటే తిరుగుడుకే ఎక్కువైంది. బస్సులు, జిరాక్సులు, రికార్డు పుస్తకాలు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చి ఆర్టీసీలో జీరో టికెట్ ఇచ్చాకే ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో మాట. రెగ్యులర్ కాలేజీలో చేరితే, అర్హత ఉన్నవాళ్లకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. దూరవిద్యకు రాదు. ఇంటి నుంచి రోజూ కాలేజీకి పోగలిగితే ఆ లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోండి.

అసలు సంగతి ఫీల్డ్ వర్క్, అంటే ఏదైనా సంస్థ తరఫున జనం మధ్యకు పోయి పని నేర్చుకోవడం. ఈ డిగ్రీకి ప్రాణం అదే. మొదటి ఏడాది నన్ను పంపిన సంస్థలో నెలన్నర రిజిస్టర్లు ఎక్కించడమే పని. ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేదు. చివర్లో డైరీ మీద సంతకం, ముద్ర వేసి ఇచ్చారు. మార్కులు బాగానే వచ్చాయి. అవి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఫీల్డ్‌లో మమ్మల్ని చూసుకోవడానికి మంచి మేడం దొరికారు. 2023 జూలై చివర్లో వానలకు వరంగల్‌లో లోతట్టు కాలనీలు మునిగినప్పుడు, మమ్మల్ని ఒక కాలనీకి తీసుకెళ్లారు. ఒక పెద్దమ్మ మంచం మీద రేషన్ కార్డు, ఆధార్, కొడుకు టీసీ పరిచి ఆరబెడుతోంది. నేను ఫారం తీసి అడగడం మొదలుపెట్టాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు కూర్చో. ఆమె చెప్పేది విను" అన్నారు. పెద్దమ్మ గంటసేపు మాట్లాడింది. బియ్యం గురించి కాదు, దుప్పట్ల గురించీ కాదు. నీళ్లలో నానిన కుట్టు మిషన్ గురించి. అది బాగైతే తన తిండి తాను తింటానంది. మా ఫారంలో కుట్టు మిషన్‌కు గడే లేదు. ఆ సాయంత్రం నా రిపోర్టులో మేడం ఎర్ర పెన్నుతో రాశారు: "ఇది నీ అభిప్రాయం. ఆమె ఏమంది?" కేస్ వర్క్ (ఒక్కొక్కరి సమస్య విని సాయపడే పద్ధతి) పాఠం నాకు ఆ రోజు అర్థమైంది.

అందుకే ఎక్కడ చేరినా ముందు ఇవి అడగండి: ఫీల్డ్‌లో మిమ్మల్ని చూసుకునేది ఎవరు? నెలకు ఎన్నిసార్లు కలుస్తారు? రిపోర్టులు నిజంగా చదువుతారా? పాత విద్యార్థి ఒకరి ఫీల్డ్ డైరీ చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

"పాస్ గ్యారంటీ" అంటూ వేరే రాష్ట్రాల యూనివర్సిటీల పేర్లు చెప్పే ఏజెంట్ల దగ్గరికి అసలు పోవద్దు. ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం సైట్లో మీరే చూసుకోండి.

జీతం గురించి దాచను. పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాల ప్రకారం జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592. అదీ కాంట్రాక్టు మీదే. పై పోస్టులకు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఉంటే మేలు. కాకతీయ యూనివర్సిటీలో ఆ సీటు సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది, ఏ డిగ్రీ ఉన్నా రాయొచ్చు. కాబట్టి దగ్గర్లో మంచి ఫీల్డ్ వర్క్ ఉన్న బీఎస్‌డబ్ల్యూ దొరక్కపోతే, డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు దోస్త్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టుకుని బీఏ చేసి, తర్వాత ఎంఎస్‌డబ్ల్యూకి రండి. నేనూ ఈసారి సీపీగెట్ రాస్తున్నాను. బాబు పడుకున్నాక రాత్రి పది నుంచి పన్నెండు దాకా చదువుకుంటున్నాను.