బేస్ టెన్ బ్లాకుల సెట్: ఒకట్లు బోలెడు, పదులే చాలవు

స్థాన విలువ చెప్పడానికి ప్రాథమిక తరగతుల కోసం తరచూ కొనే సెట్ 121 ముక్కలది. అందులో 1 సెంటీమీటరు చిన్న ఘనాలు 100, పది ఘనాల పొడవుండే పదుల కడ్డీలు 10, పది కడ్డీలంత ఉండే వందల పలకలు 10, పది పలకలంత ఉండే వేల దిమ్మె ఒకటి ఉంటాయి. హంగేరీలో పుట్టిన గణితవేత్త జోల్తాన్ డీన్స్ పేరు మీద వీటిని డీన్స్ బ్లాకులని కూడా అంటారు. రెండో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా కూడిక, తీసివేతలకు ఇంత పనికొచ్చే ఉపకరణం ఇంకొకటి దొరకడం కష్టం. కాకపోతే పెట్టెలో ముక్కల లెక్క పాఠానికి సరిపోదు.

347, 286 కలపమని ఇచ్చి చూడండి. 5 పలకలు, 12 కడ్డీలు, 13 చిన్న ఘనాలు కావాలి. పెట్టెలో ఉన్న కడ్డీలు పదే! రెండో సంఖ్య పేర్చుతుండగానే అయిపోతాయి. పైగా 13 ఒకట్లలో పది ఇచ్చి ఒక కడ్డీ తెచ్చుకోవాలి కదా, అప్పటికి 13 కడ్డీలు అవసరం. మూడంకెల కూడికలో ఎక్కువలో ఎక్కువ 9, 9, మారిన 1 కలిపి 19 కడ్డీలు, 18 ఘనాలు పడతాయి. అంటే ఈ సెట్‌లోని ఘనాలు ఐదు జతల పిల్లలకు సరిపోతే, కడ్డీలు ఒక్క జతకు కూడా చాలవు. కొనేటప్పుడే విడిగా కడ్డీలు దొరుకుతాయేమో అడగాలి. జతకు 20 చొప్పున ఉంటే కూడిక, తీసివేత రెండూ సాఫీగా నడుస్తాయి.

పది పలకలు మాత్రం తప్పనిసరి. వేల దిమ్మెను చేతికిచ్చి ఇందులో చిన్న ఘనాలు ఎన్ని అని అడిగితే చాలామంది పిల్లలు 600 అంటారు. ఆరు ముఖాలు, ముఖానికి వంద గళ్లు, వాళ్ల లెక్క అది. లోపల కూడా ఉన్నాయని నోటితో చెబితే ఎక్కదు. దిమ్మె పక్కనే పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కో పలకకు వంద, రెండు వందలు అంటూ పైదాకా లెక్కించాలి. పదో పలకతో రెండూ సమాన ఎత్తుకు వస్తాయి.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది చిన్న ఘనాలను వరసగా పెట్టి పక్కన కడ్డీ ఆనించాలి. ఘనం అర మిల్లీమీటరు తేడాగా ఉన్నా పదికి వచ్చేసరికి 5 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే సగం ఘనం. అలాంటి సెట్‌లో పది ఒకట్లు ఒక పది అని పిల్లలకు కంటితో చూపించలేం. ఫోమ్ రకం బల్ల మీద చప్పుడు చేయదు గానీ నొక్కుకుపోయి కొలత తప్పుతుంది. కొలత నిలిచేది గట్టి ప్లాస్టిక్, చెక్క రకాల్లోనే. రంగుల విషయానికొస్తే నాలుగు రంగుల సెట్ కంటే ఒకే రంగుది మేలు. రంగులుంటే పిల్లలు 'ఆకుపచ్చంటే పది' అని గుర్తుపెట్టుకుంటారు, పరిమాణం వైపు చూడరు.

తీసివేతలోనే ఈ బ్లాకుల విలువ తెలుస్తుంది. 52 లోంచి 28 తీయాలనుకుందాం. 5 కడ్డీలు, 2 ఘనాలు మాత్రమే పేర్చాలి. 28ని కూడా పక్కన పేర్చితే దేన్నుంచి ఏది తీయాలో పిల్లలకు తెలియకుండా పోతుంది. 2 లోంచి 8 పోవు కాబట్టి ముందు ఒక కడ్డీని డబ్బాలో వేయాలి, తర్వాత పది ఘనాలు లెక్కపెట్టి తెచ్చుకోవాలి. ఇప్పుడు 4 కడ్డీలు, 12 ఘనాలు. ఇక్కడ ఆగి 'మొత్తం ఎంత ఉంది?' అని అడగండి. తడుముకోకుండా 52 అనే పిల్లలకు మార్పిడి అర్థమైనట్టే. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టేవాళ్లకు ఇంకా అందలేదు. కడ్డీ మీది గాట్లను ప్రతిసారీ లెక్కపెట్టే పిల్లలదీ అదే స్థితి. వాళ్లకు కొన్నాళ్లు పుల్లలు, రబ్బరు బ్యాండ్లే మంచివి. కట్టను విప్పితే పది పుల్లలు బయటికొస్తాయి, కడ్డీని విప్పలేం. ఒకటో తరగతికి ఈ సెట్ తొందరే.

లెక్కలు ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త ఉండాలి. 52 లోంచి 27 తీయమంటే, పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీసేసే పిల్లలకు 35 వస్తుంది. పది ఘనాలు తెచ్చుకుని కడ్డీని డబ్బాలో వేయడం మరిచిపోయినవాళ్లకూ 35 వస్తుంది. జవాబు చూస్తే ఏ తప్పో తెలియదు. అదే 28 తీయమంటే మొదటివాళ్లు 36 అంటారు, రెండోవాళ్లు 34 అంటారు. సరైనది 24. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉంటేనే ఈ చిక్కు వస్తుంది, అలాంటి లెక్కలు మొదట్లో ఇవ్వకపోతే చాలు.

సెట్‌లో ఉండాల్సి ఉండీ లేనిది ఒకటుంది: వందలు, పదులు, ఒకట్లు అని గళ్లు గీసిన చార్టు. కడ్డీని ఎక్కడ పెట్టినా పదే, ఎడమ పెట్టినా కుడి పెట్టినా విలువ మారదు. రాసే అంకె అలా కాదు, దాని విలువంతా స్థానంలోనే ఉంది. ఇంకా, సున్నాకు బ్లాకు లేదు. అందుకే 2 పలకలు, 4 ఘనాలు తప్పు లేకుండా పేర్చిన పిల్లలే నోటుబుక్కులో 24 అని రాస్తారు. చార్టు మీద పేర్చితే పదుల గడి ఖాళీగా కనిపిస్తుంది, ఆ ఖాళీ కింద 0 రాయించవచ్చు. ఒక పెద్ద కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసుకుంటే సరిపోతుంది.

బ్లాకులతో లెక్కంతా చేసేసి చివర్లో రాయించడం చాలా చోట్ల జరిగే పొరపాటు. అలా చేస్తే బ్లాకులు వేరు, నోటుబుక్కు వేరు అయిపోతాయి. కడ్డీ డబ్బాలో పడగానే 5 కొట్టేసి 4 రాయాలి, పది ఘనాలు రాగానే 2ను 12 చేయాలి. ప్రతి కదలికకూ అప్పటికప్పుడు ఒక గీత పడాలి.

నాలుగో తరగతిలో గుణకారానికీ వాడొచ్చు. 23ను 14తో గుణించడానికి దీర్ఘచతురస్రంగా పేర్చితే 2 పలకలు, 11 కడ్డీలు, 12 ఘనాలు, మొత్తం 322. ఇక్కడా పదకొండో కడ్డీ దగ్గర సెట్ ఆగిపోతుంది.

పీరియడ్ చివర ఘనాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టనక్కర్లేదు. పలక మీది గళ్ల మీద ఘనాలను పేర్చమంటే ఎన్ని గళ్లు ఖాళీగా మిగిలితే అన్ని పోయినట్టు. అదే గదిలోకి తర్వాత మూడేళ్లలోపు పిల్లలు వచ్చేట్టయితే మాత్రం నేల మీద పడినవన్నీ ఏరేదాకా తలుపు తీయొద్దు, ఈ పరిమాణం ముక్క గొంతులో అడ్డం పడుతుంది.