లారీ శిక్షణ, లైసెన్సు, ఉద్యోగం కలిపి ఒకే ప్యాకేజీ అంటున్నారా? కడపలో నేను ఏమి కొన్నానో చదవండి

కడపలో ఒక డ్రైవింగు స్కూలుకు నేను 48,000 రూపాయలు కట్టాను. ముప్పై రోజుల హెవీ శిక్షణ, లైసెన్సు, ఆ తరువాత ఒక రవాణా సంస్థ లారీ మీద మూడు నెలలు జీతంతో పని నేర్పించడం, చివరికి అక్కడే ఉద్యోగం. వాళ్లు అమ్మింది ఇది. నా చేతికి వచ్చింది తొమ్మిది రోజుల శిక్షణ, ఒక లైసెన్సు, డెబ్బై రోజుల జీతం లేని క్లీనరు పని. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి బేరం మీ ముందుకు వస్తే గుర్తుపట్టడానికి పేరు అక్కరలేదు.

నేను ఈ పనికి పూర్తిగా కొత్తవాడిని కాదు. నాలుగేళ్లు కడప మార్కెట్ యార్డు నుంచి చిన్న సరుకు బండి నడిపాను. 7,500 కిలోల లోపు బండి కాబట్టి కారు లైసెన్సే సరిపోయేది. ఎర్రగుంట్ల సిమెంటు లోడ్లు చూసినప్పుడల్లా పెద్ద లారీ ఎక్కాలని ఉండేది. మా పెద్దనాన్న కొడుకు ఇరవై ఏళ్లుగా లారీ నడుపుతున్నాడు. అడిగితే ఒక్క మాట అన్నాడు: “మొదటి మూడు నెలలు ఏడుపే తమ్ముడూ. తట్టుకుంటే నిలబడతావు.” ఆ మాట నా బుర్రలో ఎంతగా పాతుకుపోయిందంటే, తరువాత జరిగిన ప్రతి అన్యాయాన్నీ ఆ మూడు నెలల ఏడుపు ఖాతాలోనే రాసుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

శిక్షణ సంగతి. రవాణా వాహనానికి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు అని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. మా బ్యాచిలో తొమ్మిది మందిమి, ఉన్నది ఒకే పాత లారీ. ఒకడు నడుపుతుంటే ఎనిమిది మంది వెనక నిలబడి ఎండకు మాడేవాళ్లం. నా వంతు ఎన్ని నిమిషాలు వచ్చిందో రోజూ ఫోనులో రాసుకున్నాను. తొమ్మిది రోజులకు మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. శిక్షణ బండికి నేర్పేవాడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. దీనికి లేవు. నేర్పేవాడి దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే.

పదో రోజు ఒక రిజిస్టరు ముందు పెట్టి ముప్పై రోజులకూ సంతకాలు పెట్టమన్నారు. నేర్చుకునేవాడు ఎన్ని గంటలు నడిపాడో రాసే ఫారం 15 అది. “అందరూ పెట్టారు, నీ ఒక్కడి కోసం పని ఆగాలా?” అన్నారు. పెట్టాను. ఈరోజు నా ఫిర్యాదుకు అడ్డం పడుతున్నది ఆ సంతకాలే. పరీక్ష నాడు ఖాళీ లారీని ట్రాకు మీద నెమ్మదిగా తిప్పి చూపించాను, లైసెన్సు వచ్చింది. అంటే కాగితం మీద నేను లారీ డ్రైవరును. లోడు ఎక్కిన బండి ఎలా ఆగుతుందో మాత్రం తెలియదు.

ఇంకొకటి. చేరిన రోజే పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. లైసెన్సుకు తప్పనిసరి అన్నారు. రవాణా వాహన డ్రైవర్లకు చదువు అర్హత ఉండాలన్న నిబంధనను 2019లోనే తీసేశారు. వయసు రుజువుకు కావాలంటే నకలు ఇచ్చి, అసలు చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు. మనం మధ్యలో మానేయకుండా కట్టిపడేయడానికే అసలు కాగితం దగ్గర పెట్టుకుంటారని నాకు ఆలస్యంగా అర్థమైంది.

తరువాత నన్ను పన్నెండు టైర్ల లారీ మీదికి పంపారు. ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తుకుని కడప, రాయచోటి మీదుగా చిత్తూరు. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. మొదటి రోజు “అన్నా, నాకు పని నేర్పించమని పంపారు” అంటే ఆయన వింతగా చూశాడు. “క్లీనరును పంపుతున్నామన్నారే. నేర్పించమని నాకెవరూ చెప్పలేదు నాయనా” అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. క్లీనరు పని చేయించారని నాకు కోపం లేదు. టార్పాలిన్ పట్టా గాలికి లేవకుండా తాడు బిగించడం, టైరును కొట్టి శబ్దంతో గాలి పోల్చుకోవడం, వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి దారి చూపడం, ఇవన్నీ డ్రైవరుకు రావలసిన పనులే. ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో రెండు రోజులు పడుకున్నాను. రోడ్డు పక్కన స్టవ్ మీద అన్నం వండాను. డీజిలు దొంగలకు కాపలాగా రాత్రుళ్లు కూర్చున్నాను. అది కష్టం, ఒప్పుకున్నాను. కానీ డెబ్బై రోజుల్లో స్టీరింగు నా చేతికి వచ్చింది ఎప్పుడో తెలుసా? రాత్రి రెండు దాటాక, ఆయన కళ్లు మూతలు పడుతున్నప్పుడు. నేను నడుపుతుంటే ఆయన నిద్రపోయేవాడు. తప్పు చేస్తే చెప్పేవాడు లేని ఆ పనిని నేర్పడం అంటారా?

ఇక ఘాటు సంగతి. చిత్తూరు నుంచి బెల్లం లోడుతో తిరిగి వస్తున్నాం. గువ్వలచెరువులో ఆగి ఇంటికి పాలకోవా కొన్నాను. అక్కడ నుంచి కడప వైపు దిగుడు. తెల్లవారుజామున ఆయన “నువ్వు పట్టు” అని, మొదటి మలుపు దాటగానే “న్యూట్రల్ చెయ్యి, డీజిలు మిగులుతుంది” అన్నాడు. ట్రిప్పుకు ఇంత డీజిలు అని ఓనరు లెక్కకట్టి ఇస్తాడు, మిగిలింది డ్రైవరుది. నేను న్యూట్రల్ చేశాను.

బండి నా చేతుల్లోంచి జారిపోతున్నట్లు అనిపించింది. గేరులో ఉంటే ఇంజిన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. నేను భయంతో బ్రేకు తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. తొక్కిన ప్రతిసారీ బ్రేకులను పనిచేయించే ట్యాంకులో గాలి ఖర్చవుతుంది, బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయి, వేడెక్కిన కొద్దీ బ్రేకు పట్టు తగ్గుతుంది. గాలి గేజి ముల్లు కిందికి దిగడం చూశాను. కాలిన వాసన వచ్చింది. ఆయన ఒక్క ఉదుటున లేచి “గేరు వెయ్యి” అని అరిచాడు. ఆ వేగంలో గేరు పడలేదు. రెండుసార్లు గరగరమని కొట్టింది, మూడోసారి పడింది. ఇంజిన్ పొగను అడ్డగించి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఆయనే వేశాడు. మలుపులో అవతలి నుంచి బండి రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. కింద ఆపి చూస్తే వెనక చక్రాల నుంచి పొగ. కోవా పొట్లం క్యాబిన్ నేల మీద చితికిపోయి ఉంది. ఎందుకో తెలియదు, దాన్ని చూసి ఏడ్చాను.

ఇందులో ఇంకో వెర్రితనం ఉంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే దిగుడులో డీజిలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఆరిపోకుండా డీజిలు తాగుతూ ఉంటుంది. ప్రాణం పణంగా పెట్టి మిగిల్చింది ఏమీ లేదు.

స్కూలుకు ఫోను చేశాను. “లారీ పని అంటే ఇలాగే ఉంటుంది. భయపడేవాడివి ఎందుకొచ్చావు?” అన్నారు. ఆ రాత్రి మా అన్నకు మొత్తం చెప్పాను. పక్కన ఉంటే కొట్టేవాడేమో. “ఏడుపు అన్నది నిద్రలేమికి, నడుము నొప్పికి, అన్‌లోడింగు దగ్గర తిట్లకు. జీతం ఎగ్గొడితే ఓర్చుకోమన్నానా? ఘాటులో న్యూట్రల్ చేయమన్నానా?” అన్నాడు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో ఆ గేరులోనే దిగాలని, దిగుడు మొదలుకాక ముందే అది వేసి ఉంచుకోవాలని ఫోనులోనే నేర్పాడు. స్కూలులో ఎవరూ చెప్పని పాఠం అది.

మర్నాడు నేరుగా రవాణా సంస్థ ఆఫీసుకు వెళ్లాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండవలసింది. అక్కడి గుమస్తా లెక్కల పుస్తకం తిప్పి, నా పేరు మీద నెలకు 9,000 వెళ్తోందని చెప్పాడు. ఎవరికి? స్కూలుకు. మా జీతం వాళ్లు తీసుకుంటున్నారు. శిక్షణ ఒప్పందం అనేదేదీ ఆ సంస్థకు తెలియదు. మనం ఫీజు కట్టి మరీ వాళ్లకు కూలికి కుదిరాం అన్నమాట.

డబ్బు కట్టే ముందు శిక్షణ లారీ ఎక్కి ఎడమ వైపు పెడళ్లు ఉన్నాయో లేదో చూడండి. స్కూలు లైసెన్సు గోడకు కనబడేలా ఉండాలి, లేకపోతే అడగండి. ఉద్యోగం ఇప్పిస్తామంటే ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద మీ జీతం, బత్తా, నేర్పించే డ్రైవరు ఎవరో రాయించుకోండి, ఆ సంస్థకు మీరే వెళ్లి అడగండి. నడపని గంటలకు సంతకం పెట్టకండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. నేను 48,000 కట్టి 30,000కే రసీదు తీసుకున్నాను. మిగతాది “లైసెన్సు ఖర్చులు” అన్నారు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. డ్రైవింగు స్కూలుకు లైసెన్సు ఇచ్చేది ఆ శాఖే. నేను ఇచ్చిన నాలుగో రోజున నా పదో తరగతి సర్టిఫికెట్టు ఇంటికి మనిషితో పంపారు. డబ్బు గురించి మాత్రం నోరు మెదపలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ కోర్టు ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. ఆ స్కూలులోనే డబ్బు కట్టినవాళ్లు ఉంటే రసీదు, ఫోనులోని సందేశాలు పారేయకండి.

ప్రస్తుతం మా అన్న ఓనరు దగ్గరే రెండో డ్రైవరుగా నేర్చుకుంటున్నాను. బత్తా తక్కువే, తిట్లు ఎక్కువే. పోయిన వారం గువ్వలచెరువు ఘాటు గేరులోనే దిగాను, అన్న పక్కనే మేలుకుని కూర్చున్నాడు. కిందికి వచ్చేసరికి కడప ఊరి మొదట్లో ఆ స్కూలు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. కొత్త బ్యాచి మొదలట. ఫీజు 55,000.