పాత స్టీల్ ఫ్రిజ్‌ని స్మోకర్‌గా మార్చి కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

స్మోకర్ అంటే మాంసాన్ని చెక్క పొగలో మెల్లగా ఉడికించే పెట్టె. నేను అందులో ఎక్కువగా చేసేది సాసేజ్, అంటే పేగులో కూరిన కైమా. సాసేజ్‌కి పొగ కంటే ముందు కావాల్సింది తక్కువ వేడి. అది గంటల తరబడి ఒకే చోట నిలబడాలి. ఈ ఒక్క విషయంలో 1950ల నాటి స్టీల్ ఫ్రిజ్‌ని మించిన పెట్టె నాకు ఇంతవరకు కనిపించలేదు.

మేముండేది టెక్సస్‌లో, ఆస్టిన్ శివారులో. దగ్గర్లోని ఎల్గిన్‌లో సౌత్‌సైడ్ మార్కెట్ వాళ్లు 1882 నుంచి సాసేజ్ అమ్ముతున్నారు. అంత మంచి సరుకు పక్కనే ఉన్నా ఇంట్లో చేసుకోవడానికి కారణం ఒకటే. గుంటూరు కారం, వెల్లుల్లి, వేయించిన ధనియాలు దట్టించిన సాసేజ్ ఏ కొట్లోనూ దొరకదు.

ఫ్రిజ్‌కి ముందు 55 గాలన్ల ఇనుప డ్రమ్ముతో చేసిన స్మోకర్ వాడేవాణ్ణి. బ్రిస్కెట్‌కి (గొడ్డు రొమ్ము మాంసం), పంది భుజానికి అది ఇప్పటికీ నాకిష్టం. బొగ్గులతో 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర హాయిగా నడుస్తుంది (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే). సాసేజ్‌కి కావాల్సిన 150 దగ్గర నిలబెట్టాలంటే మాత్రం పక్కనే కాపలా కూర్చోవాలి. పెట్టెలో వేడి 180 దాటిందంటే కైమాలోని కొవ్వు కరిగి కారిపోతుంది, లోపల మాంసం ఉప్మా రవ్వలా పొడిపొడిగా విడిపోతుంది.

పాత ఫ్రిజ్‌కి బయట ఉక్కు రేకు, లోపల పింగాణీ పూత వేసిన ఉక్కు, రెండింటి మధ్య గ్లాస్ ఉన్ని ఉంటాయి. వేడి బయటికి పోదు కాబట్టి వెయ్యి వాట్ల కరెంటు పొయ్యి ఒక్కటే సరిపోతుంది. దాన్ని ఒక పీఐడీ కంట్రోలర్‌కి, అంటే వేడిని కొలుస్తూ కరెంటుని తనే సర్దే పరికరానికి కలిపాను. సెన్సార్‌ని గోడకి ఆనించకుండా సాసేజ్‌లు వేలాడే ఎత్తులో పెట్టాను. చలిగాలి వీచే రాత్రుల్లో కూడా వేడి రెండు మూడు డిగ్రీలకి మించి కదలదు. పొయ్యి మీద పోత ఇనుప పెనం, అందులో చెక్క ముక్కలు. దాని పైన అడ్డంగా ఒక ఉక్కు పలక ఉంటే కారే కొవ్వు మంటలో పడదు, వేడి కూడా నాలుగు వైపులా సర్దుకుంటుంది. ఇది బయట వాడే కరెంటు సామాను. పెట్టె మొత్తం ఉక్కు కాబట్టి ఎర్తింగ్ విషయంలో రాజీ పడొద్దు.

నా పద్ధతి ఇది. మొదటి గంట పొగ అసలు పెట్టను. 130 దగ్గర పెట్టె పైన ఉన్న పొగ గొట్టం పూర్తిగా తెరిచి, పేగు చేతికి అంటుకోనంతగా ఆరనిస్తాను. తడి మీద పొగ పడితే చారలు చారలుగా నల్లబడి పుల్లటి చేదు వస్తుంది. తర్వాత 150 దగ్గర మూడు నాలుగు గంటలు పోస్ట్ ఓక్ లేదా పెకాన్ చెక్క పొగ. ఇక్కడ దొరికే ఇంకో చెక్క మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. మంట మీద కాల్చడానికి బ్రహ్మాండం, కానీ మూసిన పెట్టెలో గంటల సేపు వేస్తే ఘాటు ఎక్కువైపోతుంది. సాసేజ్‌లు ఒకదానికొకటి తగలకూడదు, తగిలిన చోట పాలిపోయిన మచ్చ మిగులుతుంది.

మాంసం లోపలి వేడి 140 దాటాక గంటల తరబడి కదలదు. పైన తడి ఆవిరవుతూ చల్లబరుస్తుంటుంది కాబట్టి అలా ఆగిపోతుంది. అక్కడ పొయ్యి పెంచి కొవ్వు పోగొట్టుకోవడం దండగ. రంగు వచ్చాక తీసి 170 డిగ్రీల వేడినీళ్లలో ముంచితే కాసేపట్లో పని పూర్తవుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పంది, గొడ్డు కైమాకి 160, కోడి కైమాకి 165 చెబుతుంది. నేనూ అక్కడిదాకా తీసుకెళ్లి వెంటనే ఐసు నీళ్లలో వేస్తాను, చర్మం ముడతలు పడదు.

ఇందులో నాకు నచ్చనిది తేమ. గొట్టం చల్లగా ఉన్నప్పుడు కప్పుకి నల్లటి జిగురు నీళ్లు పట్టి మాంసం మీద చుక్కలు పడతాయి. గొట్టం నాలుగంగుళాలకి తగ్గకూడదు, పొగ పెట్టేటప్పుడు కూడా సగానికి పైగా తెరిచే ఉంచాలి. కోడిని తోలుతో పెడితే తోలు రబ్బరులా సాగుతుంది, దానికి డ్రమ్మే మేలు. బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) లాంటి చల్లపొగ రకాలకి, అంటే ఉడకకుండా పొగ మాత్రమే పట్టించే వాటికి, పెట్టెలో 85 డిగ్రీలు దాటకూడదు కాబట్టి టెక్సస్‌లో అది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పనే. చిన్న జల్లెడ ట్రేలో రంపపు పొట్టు నింపి ఒక చివర అంటిస్తే, వేడి లేకుండా రాత్రంతా సన్నగా పొగ వస్తుంది. ఆ బేకన్ కోసమైనా ఈ ఫ్రిజ్‌ని వదులుకోను.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది మాంసంలో క్రిమి పెరగకుండా వేసే నైట్రైట్ అనే లవణం గురించి. "మన ఇళ్లలో ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద మాంసం ఒరుగులు ఎండబెట్టుకునేవాళ్లం కదా, ఏ మందూ వేయలేదే" అంటారు. ఒరుగు ఎండిపోతుంది, తడి లేనిచోట క్రిమి పెరగదు. సాసేజ్ లోపల తడిగా, గోరువెచ్చగా, గాలి ఆడకుండా గంటల సేపు ఉంటుంది. బోటులిజం అనే ప్రాణాంతక విషబాధ తెచ్చే బ్యాక్టీరియాకి సరిగ్గా అదే కావాలి. అందుకే 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉన్న క్యూరింగ్ ఉప్పు కిలో మాంసానికి 2.5 గ్రాములు, చెంచాతో కాదు, చిన్న త్రాసు మీద తూచి వేయాలి. ఎక్కువైతే అదే విషం. గులాబి రంగు వేసి ఉంటుంది కానీ వంటింట్లోని హిమాలయన్ ఉప్పుకి దీనికీ సంబంధం లేదు. సురేకారం కూడా వద్దు, అది నైట్రైట్‌గా మారడం బ్యాక్టీరియా దయ మీద ఉంటుంది.

పాత ఫ్రిజ్ కొనేవాళ్లు దాని తీగ అరల్ని తీసిపారేయండి. ఆ కాలంలో కొన్నింటికి కాడ్మియం పూత వేసేవారు, అది విషం. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు పెట్టుకోండి. ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్‌ని లైసెన్సు ఉన్న మెకానిక్ చేతే తీయించాలి, గాల్లోకి వదలడం ఇక్కడ నేరం. తలుపు గడియ గురించి గట్టిగా చెబుతున్నాను. లోపల్నుంచి తెరుచుకోని పాత ఫ్రిజ్‌లలో ఇరుక్కుని పిల్లలు చనిపోయారు. ఆ కారణంతోనే అమెరికాలో 1956లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. ఆ గడియని పీకేసి అయస్కాంతం పెట్టాకే మిగతా పని మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో మూలపడ్డ ఫ్రిజ్‌తో ఇది చేయొద్దు. ఇప్పటి ఫ్రిజ్‌ల లోపలంతా ప్లాస్టిక్కు, నురుగు. వేడికి కరిగి విషపు పొగ వస్తుంది. చాలావాటిలో గ్యాస్ కూడా మండే రకమే. అక్కడైతే రంగు మొత్తం గీకి కాల్చేసిన ఇనుప బీరువా నయం. మన ఎండలకి సాసేజ్ వేడి నిలబెట్టడం అందులోనూ కష్టం కాదు. చల్లపొగ మాత్రం అక్కడి ఎండల్లో కుదరదు.