సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకు ప్రత్యేక పెట్టెనా, ల్యాప్‌టాప్‌నా?

ఒంగోలు, కావలి ప్రాంతాల్లో పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ కచేరీలు చేసే కీబోర్డు కళాకారులు సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకు (వాద్యాల శబ్దాలను కంప్యూటర్‌లోనే పుట్టించే ప్రోగ్రాములకు) మారదలిస్తే, వాటిని నడపడానికే తయారుచేసిన ప్రత్యేక పెట్టె కొనాలా, ల్యాప్‌టాప్‌కు ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని స్పీకర్లకు అందించే పరికరం) జతచేస్తే సరిపోతుందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

పెట్టెకున్న బలం నిబ్బరం. ర్యాక్‌లో బిగించి, మిడి కేబులు (కీబోర్డులో నొక్కిన స్వరాల సమాచారాన్ని చేరవేసేది) తగిలించి, మీట నొక్కితే చాలు. పల్లవి మధ్యలో అప్‌డేట్ సందేశం వచ్చి పడదు.

అయితే ధర దేనికి చెల్లిస్తున్నామో చూడాలి. ఈ కోవలో పేరుపొందిన మ్యూజ్ రీసెర్చ్ వారి రిసెప్టర్ లోపల ఉన్నది మామూలు పీసీ భాగాలే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద విండోస్ ప్లగిన్‌లను, అంటే విండోస్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ వాద్యాలను, నడిపేది. ఒకే ప్లగిన్ పెట్టెలోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే శబ్దాన్ని లెక్కగడుతుంది. కీ నొక్కాక శబ్దం వినబడటంలో ఆలస్యం సంగతీ అంతే: 44,100 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు అన్ని శాంపిళ్ల (శబ్దపు కొలతల) చొప్పున, 128 శాంపిళ్ల బఫర్ (ముందుగా నింపుకునే నిల్వ) అంటే ఎక్కడైనా సుమారు 2.9 మిల్లీసెకన్లే.

మన వేదికల మీద అసలు పరీక్ష కరెంటు. జనరేటరుకు మారే ఆ ఒక్క క్షణంలో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడుతుంది, యూఎస్‌బీ నుంచే విద్యుత్తు తీసుకునే ఇంటర్‌ఫేస్ కూడా దానితోపాటే నిలుస్తుంది. బ్యాటరీ లేని పెట్టె మాత్రం ఆరిపోయి, మళ్లీ మొదలై, పియానో శాంపిళ్లన్నీ (రికార్డు చేసిన పియానో శబ్దాలన్నీ) తిరిగి లోడ్ చేసుకునేలోగా చరణం దాటిపోతుంది. పైగా తయారీదారు చేతులెత్తేస్తే కొత్త ప్లగిన్‌లకు దారి మూసుకుపోతుంది.

అందుచేత ఎక్కువమందికి ల్యాప్‌టాపే మేలని నా నిశ్చితాభిప్రాయం. దాన్ని కచేరీకే కేటాయించి, వేదికెక్కే ముందు వైఫై ఆపివేయాలి. నిత్యం ఊళ్లు తిరిగే పెద్ద బృందాలు పెట్టెనే ఎంచుకుంటే, దానితోపాటు యూపీఎస్ ధరనూ లెక్కలో చేర్చుకోవాలి.