ఫియట్ రేకు డ్యాష్‌బోర్డుకు వేయించిన అతుకు: ఏడు ఎండాకాలాల తర్వాత

2018 డిసెంబరులో మా ఫియట్ 1100 డిలైట్ డ్యాష్‌బోర్డుకున్న చిల్లులు మూయించాను. అప్పటినుంచి ఏడు ఎండాకాలాలు గడిచాయి, అవీ గుంటూరు ఎండలు. పని అయిన మర్నాడు ఏ అతుకైనా అద్దంలా మెరుస్తుంది, అందుకే అప్పుడేమీ రాయలేదు. ఏది నిలిచిందో, ఏది బయటపడిందో ఇప్పుడు కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

బండి 1969ది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు. నాన్న 1986లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డ్యాష్‌బోర్డు మొత్తం రేకే, బయట బాడీకున్న లేత ఆకుపచ్చ రంగే లోపలా ఉంటుంది. ఇప్పటి కార్లలో ప్లాస్టిక్ తప్ప చూడని పిల్లలు మా బండి ఎక్కగానే ముందు దాన్నే వేళ్లతో తట్టి చూస్తారు.

ఆ రేకుకు 1990ల్లో క్యాసెట్ ప్లేయర్ కోసం కోత పెట్టారు. ఆ ప్లేయర్లకు కావాల్సింది 182 మిల్లీమీటర్ల పొడవు, 53 మిల్లీమీటర్ల ఎత్తు. గీత గీసి, దాని మీద వరసగా డ్రిల్లు వేసి, మధ్య రేకును ఉలితో కొట్టి ఊడదీశారు. ఫ్రేము కింద అంచులు కనబడవు కదా అని వాటిని రంపపు పళ్లలాగే వదిలేశారు. ప్లేయర్ పాడై తీసేశాక మిగిలింది నోరు తెరిచిన ఆ చిల్లే. నాన్న అందులో కళ్లజోడు డబ్బా, పెట్రోలు రసీదులు పెట్టుకునేవారు. తీసేటప్పుడల్లా చెయ్యి గీసుకుపోయేది. "ఎప్పటికైనా దీన్ని మూయించాలమ్మా" అనేవారు. ఆయన పోయాక బండి నా చేతికొచ్చింది.

పెద్ద చిల్లు కాక ఇంకో మూడున్నాయి. ఫాగ్ ల్యాంపులకు ఒకటి, చిన్న ఫ్యాన్‌కు ఒకటి వేసిన స్విచ్చు కన్నాలు రెండు, ఒక్కోటీ 12 మిల్లీమీటర్లు. మూడోది మనిషి చేసింది కాదు. ముందు అద్దం రబ్బరు కింద, ఎడమ మూలలో, తుప్పు తిన్న చిల్లు. చూడ్డానికి రూపాయి బిళ్లంత.

అసలు పనికి ముందు 2016లో ఒకసారి మోసపోయాను. ఊళ్లోనే ఒక షాపులో పెద్ద చిల్లు మీద వెనకనుంచి పల్చటి రేకు పెట్టి, రివెట్లు కొట్టి, పైనంతా పుట్టీ పెట్టి రంగు వేసిచ్చారు. ఒక్క రోజులో అయిపోయింది, డబ్బూ తక్కువే. ఎనిమిది నెలలు తిరక్కుండానే చిల్లు ఆకారం చుట్టూ వెంట్రుకంత పగులు వచ్చింది. రెండో ఏడాదికి గోటితో లేపితే పుట్టీ పలకలు పలకలుగా ఊడొచ్చింది. కింద పాత రంగు అలాగే ఉంది, దాన్ని గీకనుకూడా లేదు. కొన్నిచోట్ల పుట్టీ మందం ఆరు మిల్లీమీటర్లు. రివెట్లతో బిగించిన రేకు బండి అదురుకు సన్నగా ఆడుతూనే ఉంటుంది. దానిమీద గట్టిపడిన పుట్టీ ఆడలేదు, పగులుతుంది. పని తెలిసినవాళ్లు చేసి ఉంటే ఆ రెండేళ్లూ, ఆ డబ్బూ మిగిలేవన్న బాధ నాకిప్పటికీ ఉంది.

తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దొరికారు, టింకరింగ్ మేస్త్రి. ముందు పాత పద్మిని (ఇదే ఫియట్ తర్వాత వచ్చిన పేరు) డ్యాష్‌బోర్డు ముక్క దొరికితే కోసి పెడదామన్నారు. తుక్కు షాపులన్నీ తిరిగాం. ఒక్కటి దొరికింది, దానికీ సరిగ్గా అక్కడే క్యాసెట్ ప్లేయర్ కోత! ఇప్పుడైతే ఆ ముక్కలూ అరుదే. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగిపోయింది. "కొత్త రేకే వేద్దాం తల్లీ, బిందెకు మాటు వేసినట్టు కాదు, రేకులో రేకు కలిసిపోవాలి" అన్నారాయన.

పెద్ద చిల్లు పని రెండు రోజులు పట్టింది. మొదట బ్యాటరీ తీసి బయట పెట్టించారు. స్పీడోమీటర్ విప్పి, వెనకున్న వైర్లన్నీ పక్కకు కట్టి, తడి గోనెసంచులు కప్పారు. ముందు అద్దాన్ని లోపలివైపు మొత్తం తడి దుప్పటితో మూశారు. ఎందుకంటే గ్రైండరు రవ్వలు అద్దంలో గుచ్చుకుని చిన్నచిన్న గుంటలు పెడతాయి, అవి ఇక పోవు. ఈ ఒక్క జాగ్రత్త చూసే ఆయన మీద నమ్మకం కుదిరింది. పక్కన ఇసుక బకెట్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉన్నాయి. యాభై ఏళ్ల వైర్ల పక్కన నిప్పు పెడుతున్నాం కదా, నాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు.

రంపపు అంచుల్ని తిన్నగా కోసి, చిల్లు కొలతకు అట్టముక్క కత్తిరించారు. ఆ అట్టను 20 గేజీ సీఆర్ రేకు (పూత లేని మామూలు ఇనుప రేకు) మీద పెట్టి గీశారు. 20 గేజీ అంటే దాదాపు 0.9 మిల్లీమీటరు, మా డ్యాష్‌బోర్డు రేకుకు దగ్గరగా సరిపోయింది. జీఐ రేకు, అంటే జింకు పూత రేకు, వద్దన్నారు. దాని మీది జింకు వెల్డింగు వేడికి పొగై లేస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. డ్యాష్‌బోర్డుకున్న కొద్దిపాటి వంపు కోసం ముక్కను పైపు మీద పెట్టి అరచేత్తో నొక్కుతూ వంచారు. పది సార్లు పెట్టి చూశారు, పది సార్లు తీశారు. చివరికి చుట్టూ బ్లేడు మందం సందు మాత్రమే మిగిలింది.

వెల్డింగు సీవోటూ మిషన్‌తో, అంటే సీవోటూ వాయువు వదులుతూ సన్నటి తీగను కరెంటుతో కరిగించే మిషన్‌తో. గ్యాస్ వెల్డింగు మంట రేకునంతా కాల్చి అప్పడంలా మెలితిప్పుతుంది, డ్యాష్‌బోర్డుకు అది పనికిరాదు. సీవోటూలోనూ ఒకే గీతగా లాగలేదు. ముందు నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెట్టారు. తర్వాత పైన ఒక చుక్క, దానికి ఎదురుగా కింద ఒక చుక్క. చుక్క పెట్టాక మిషన్ పక్కన పెట్టేవారు. రేకు మీద వేలు పెట్టి ఓర్చుకోగలిగేదాకా రెండో చుక్క లేదు. వెనకవైపు ఏసీ రాగి గొట్టాన్ని చీల్చి చదును చేసిన పట్టీ ఆనించారు. రాగికి ఇనుము అంటుకోదు, పైగా వేడిని లాగేస్తుంది కాబట్టి రేకు కరిగి చిల్లు పడదు. చుట్టుకొలత అంతా కలిపి 47 సెంటీమీటర్లు, దానికే సాయంత్రమైంది. మర్నాడు వెల్డింగు గట్టును గ్రైండ్ చేసి, వెనక ఇనుప దిమ్మ ఆనించి ముందునుంచి చిన్న సుత్తితో తట్టారు. చల్లారిన వెల్డు ముడుచుకుని చుట్టుపక్కల రేకును లాగుతుంది, అలా తడితే మళ్లీ సాగుతుందట. ఆ చప్పుడు నాకింకా గుర్తే. దిమ్మ సరిగ్గా ఆనినప్పుడు గంటలా మోగేది, ఆననప్పుడు మొద్దుగా వచ్చేది. ఆయన చెవితోనే పని చేశారు.

పైన ఎపాక్సీ ప్రైమరు, దానిమీద హార్డెనరు (గట్టిపరిచే మందు) కలిపే పుట్టీ. మొత్తం మీద ఒక మిల్లీమీటరు లోపే. హార్డెనరు లేకుండా గాలికే ఆరే ఎన్‌సీ పుట్టీని చివర్లో సూదిమొన గుంటలకు మాత్రమే వాడారు. అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, మందంగా పెడితే నెల తర్వాత గుంట తేలుతుంది. 

ఏడేళ్ల తర్వాత ఆ పెద్ద అతుకు ఎక్కడుందో నేను చూపిస్తే తప్ప ఎవరూ పట్టుకోలేరు. పగులు లేదు, గీత లేదు. మే నెలలో ఎండలో పెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. అప్పుడూ చూశాను, ఏటవాలుగా టార్చి వేసి చూశాను, ఏమీ కనబడదు. అంతటా ఒకే ఇనుము, వేడికి అంతా ఒకేలా సాగుతోంది. చిన్న గుడ్డ చుట్టిన అయస్కాంతం దాని మీద జరిపితే అన్నిచోట్లా ఒకేలా పట్టుకుంటుంది. పాత బండి కొనేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. అయస్కాంతం జారిపోయిందంటే అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్టే.

స్విచ్చు కన్నాల సంగతి వేరు. అంత చిన్నవాటికి మళ్లీ మిషన్ ఎందుకని నేనే అన్నాను, మేస్త్రి గారు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. వెనకవైపు 80 నంబరు ఎమరీ కాగితంతో రంగు గీకి, థిన్నరుతో తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీతో అర్ధరూపాయంత రేకు బిళ్లలు అంటించారు. ముందువైపు గుంటలో పుట్టీ నింపారు. ఒక కన్నానికి మాత్రం అంటించేముందు గుండు సుత్తితో చుట్టూ అంచును కాస్త లోపలికి దింపారు, సాసరు ఆకారంలో. రెండోదానికి అక్కడ సుత్తి ఆడే చోటు లేక వదిలేశారు.

తేడా మూడో ఎండాకాలంలో తెలిసింది. అంచు దింపని కన్నం దగ్గర, మధ్యాహ్నం బండి ఎండలో ఉన్నప్పుడు, రంగు కింద గుండ్రటి గీత తేలుతుంది. గాజుగ్లాసు పెట్టి తీసినప్పుడు బల్ల మీద మిగిలే తడి వలయంలా ఉంటుంది. సాయంత్రం చల్లబడితే మాయం. డిసెంబరులో ఎంత వెతికినా కనబడదు. వేడికి ఎపాక్సీ, పుట్టీ ఇనుముకంటే ఎక్కువ సాగుతాయి. పైగా మామూలు ఎపాక్సీ ఆ వేడికి మెత్తబడుతుంది కూడా. అంచు దింపిన కన్నం దగ్గర పుట్టీ పొర అంచులకు పల్చబడుతూ పోయింది కాబట్టి గీత గట్టిగా తేలలేదు. ఏప్రిల్, మే నెలల్లో అతి సన్నగా, తెలిసినవాళ్లకే కనబడుతుంది. ఊడిపోవడం మాత్రం రెండిట్లో ఏదీ లేదు. నీడలో ఉండే బండికి, ఆరు మిల్లీమీటర్ల స్క్రూ కన్నాలకు ఇది చాలు. మా ఊరి ఎండలో తిరిగే బండికైతే, వెల్డరు ఎలాగూ బండి దగ్గరే ఉన్నప్పుడు, 12 మిల్లీమీటర్ల కన్నానికి కూడా వెల్డింగే చేయించండి. ఆ రోజు మేస్త్రి గారి మాట వినాల్సింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది తుప్పు చిల్లే. రూపాయి బిళ్లంత అనుకున్నది గీకేసరికి అరచేయంత అయింది. మంచి రేకు తగిలేదాకా కోసి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పూసి, కడిగి, ఆరబెట్టి, పెద్ద చిల్లుకు వేసినట్టే రేకు వేసి వెల్డు చేశారు. అతుకులో లోపమేమీ లేదు. కానీ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ రోజు మేం చూడలేదు. 2021 వానాకాలంలో అదే మూలలో రంగు కింద సగ్గుబియ్యం గింజల్లా బుడగలు లేచాయి. అద్దం రబ్బరు ఎండి గట్టిపడి, మూలలో సందు ఇచ్చింది. వాన నీళ్లు ఆ సందులోంచి దిగి అతుకు పైఅంచున నిలిచేవి. అద్దం తీసి, కొత్త రబ్బరు, సీలెంటు వేసి, బుడగలున్న చోట మళ్లీ గీకి ప్రైమరు, రంగు వేయించాను. నాలుగు వానాకాలాలుగా పొడిగా ఉంది. మీ డ్యాష్‌బోర్డు చిల్లు తుప్పు వల్ల పడిందైతే, బండిని నీళ్ల పైపు కింద పెట్టి, లోపల టిష్యూ కాగితాలు అతికించి, ఏది ముందు తడుస్తుందో చూశాకే టింకరింగ్‌కు ఇవ్వండి.

రంగు గురించి ఎక్కువ చెప్పను. పాత రంగు స్పీడోమీటర్ ఫ్రేము కింద ఎండ తగలని చోట అసలు ఛాయలో ఉంది, అది చూసి కలిపించాం. అతుకు వరకే వేయకుండా ఈ చివరనుంచి ఆ చివర దాకా వేయించాను, లేకపోతే పాత, కొత్త రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గాలికే ఆరే పాత రకం డ్యూకో కాకుండా హార్డెనరు కలిపే పీయూ (పాలీయూరిథేన్) రంగు. ఏడేళ్లలో కొద్దిగా మాత్రమే వెలిసింది. దాని పొగ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. మామూలు గుడ్డ కట్టుకుని కారులో కూర్చుని స్ప్రే చేయడం ఎవరూ చేయొద్దు, సరైన మాస్కు ఉండాల్సిందే. పెయింటర్ దగ్గర లేకపోతే మీరే కొనివ్వండి. పనికి డిసెంబరు పెట్టుకున్నది కూడా వానాకాలపు చెమ్మ ఉండదని.

అంతా కలిపి 2018లో నాకు పదిహేను వేలకు కాస్త పైన అయింది. అందులో మేస్త్రి గారి కూలీయే సగానికి ఎక్కువ. న్యాయమే.

ఒక లోపం మిగిలింది. వెల్డింగు వేడికి రేకు వెనకవైపు రంగు కాలిపోతుంది. అక్కడ ప్రైమరు వేయకపోతే ముందు ఎంత బాగున్నా వెనకనుంచి తుప్పు తినేస్తుంది. చిన్న అద్దం పట్టుకుని, వంచిన బ్రష్షుతో మేస్త్రి గారు ఓపిగ్గా పూశారు, పైన వ్యాక్స్ కొట్టారు. ప్రతి దసరాకీ ఆయుధపూజకు బండి కడిగేటప్పుడు నేను ఫోను కింద దూర్చి వెనకవైపు ఫొటో తీస్తాను. ఆరేళ్లపాటు ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ దసరాకు తీసిన దాంట్లో కుడి పైమూలలో, బ్రాకెట్ వెనక, బ్రష్షు అందని చోట మినపగింజంత ఎర్రటి మచ్చ ఉంది. స్పీడోమీటర్ విప్పితే చెయ్యి పడుతుంది. తుప్పు మందు, ఎపాక్సీ ప్రైమరు తెచ్చి పెట్టాను, వచ్చే ఆదివారం విప్పుతున్నాను.