వినడానికి వేరే యాంటెన్నా: లూప్ ఆన్ గ్రౌండ్‌తో మూడేళ్లు

మా మేడ మీద నా హామ్ రేడియోకి 40, 80 మీటర్ల బ్యాండ్ల ఇన్వర్టెడ్ వీ ఉంది, అంటే నడుమ ఎత్తుగా, రెండు కొసలూ కిందికి వాలిన తీగ యాంటెన్నా. మాట్లాడటానికి దానికి వంక పెట్టలేను. రాత్రి 80 మీటర్ల బ్యాండ్‌లో వినాలంటేనే బాధ. సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్8 దగ్గర కదలకుండా కూర్చునేది, చెవిలో బుర్రుమనే రొద. ఒక రోజు మెయిన్ ఆపేసి రేడియోను బ్యాటరీ మీద నడిపి చూశాను. మా ఇంటి ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్ల వాటా ఆ మీటరు మీద రెండు ఎస్ యూనిట్లు. మిగిలిందంతా వీధిది. ఊరందరి బల్బులూ నేను మార్చలేను కదా!

అందుకని పెరట్లో లూప్ ఆన్ గ్రౌండ్ వేశాను. ఇంటి వైరింగుకు వాడే తీగ 60 అడుగులు, పక్కకు 15 చొప్పున చదరంగా నేల మీద పరిచేయడమే. ఒక మూల తీగకూ కేబుల్‌కూ జత కుదిర్చే 9:1 ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి రేడియో గది దాకా టీవీ కేబుల్ వాళ్ల ఆర్‌జీ-6 కేబుల్.

స్విచ్ తిప్పగానే మీటరు సున్నాకు పడిపోయింది. రేడియో పోయిందనుకున్నా. సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్ వేసి వాల్యూమ్ పెంచాక అర్థమైంది, సిగ్నల్ తగ్గింది గానీ రొద అంతకన్నా ఎక్కువ తగ్గింది. ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో రిసీవర్ సొంత రొద కన్నా బయటి రొదే చాలా ఎక్కువ. అందుకే యాంటెన్నా 20 డీబీ తక్కువ, అంటే సిగ్నల్ శక్తిలో వందో వంతే పట్టినా నష్టం లేదు. అదే యాంటెన్నాతో ప్రసారం చేస్తే మాత్రం పవరంతా మట్టిపాలే.

ఒక డిసెంబరు తెల్లవారుజామున ఇంగ్లండ్ స్టేషన్ ఒకటి సీడబ్ల్యూలో, అంటే మోర్స్ కోడ్‌లో పిలుస్తోంది. ఇన్వర్టెడ్ వీ మీద దాని కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) మొదటి అక్షరం 'జీ' ఒక్కటే దొరికింది, మిగతాది రొదలో కలిసిపోయింది. లూప్‌కి మార్చాను. మీటరు కదలనే లేదు, కానీ కాల్‌సైన్ చివరి అక్షరం దాకా రాసుకున్నాను. ఆ రోజు నుంచి మీటరు వైపు చూడటం తగ్గించాను.

మొదట్లో నేను తేలిగ్గా తీసుకున్నది కేబుల్ పైపొర మీద వచ్చే రొదను ఆపే చోక్‌ని. అది లేకపోతే కేబుల్ పైపొరే యాంటెన్నాగా మారి ఇంట్లో రొదను మోసుకొస్తుంది. 31 మిక్స్ రకం ఫెరైట్ ఉంగరం (టోరాయిడ్) మీద సన్న కోయాక్స్ కేబుల్ పది చుట్లు చుట్టి దారి మధ్యలో పెట్టాక ఇంకో ఎస్ యూనిట్ దిగింది.

అప్పట్లో నా రేడియో ఐకామ్ ఐసీ-7300. మంచి సెట్టే గానీ దానికి వేరే రిసీవ్ యాంటెన్నా సాకెట్ లేదు, ప్రసారానికీ వినడానికీ యాంటెన్నా మార్చే రిలే పెట్టె బయట కట్టుకోవాలి. ఒక రాత్రి ప్రసారం మొదలైందని రిలేకి చెప్పే పీటీటీ తీగ టంకం ఊడింది, రిలే మారలేదు. నేను చూసుకోకుండా కీ నొక్కాను. 100 వాట్లూ లూప్‌లోకే! ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ఎగిరిపోయి రేడియో పవర్ తగ్గించుకుంది గానీ, పొద్దున పెరట్లో ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా మూత తీస్తే కాలిన ఎనామిల్ వాసన. చింతగింజకు కాస్త పెద్దదైన కోర్ రెండు ముక్కలై ఉంది. తప్పు నాదే. ఆ తర్వాత కొన్న కెన్‌వుడ్ టీఎస్-590ఎస్‌జీకి వెనక ఆర్‌ఎక్స్ యాంట్ (వినే యాంటెన్నా) సాకెట్ ఉంది, ఆడియోకి వాడే ఆర్‌సీఏ రకం. ఆ టెన్షన్ పోయింది. అయినా ప్రసారమప్పుడు లూప్‌లోకి కొంత పవర్ దూకుతుంది కాబట్టి దాన్ని మేడకు దూరంగా, పెరటి చివర్లో పెట్టాను.

దీంతో కానివీ ఉన్నాయి. మే నెల సాయంత్రాల ఉరుముల చిటపటలకు ఇదేం చేయలేదు. ఉదయం 40 మీటర్లలో స్టేషన్లన్నీ కలిసి మాట్లాడుకునే నెట్‌లో మన చుట్టుపక్కల స్టేషన్లకు ఇన్వర్టెడ్ వీనే మేలు. 20 మీటర్లు, ఆ పై ఫ్రీక్వెన్సీల బ్యాండ్లలో నేను దీన్ని తాకను. వానాకాలం నేల బాగా తడిసినప్పుడు మా దగ్గర సిగ్నల్ ఇంకాస్త తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు చోటే దొరకదు.

కొత్త రేడియో కొంటే రొద పోతుందా అని అడిగేవాళ్లకు ముందు ఇదే వేసి చూడమంటాను, తీగ ఖర్చే కదా. పెరట్లో గడ్డి ఉంటే మాత్రం జాగ్రత్త. మా గడ్డి కోసే అతను ఇప్పటికి రెండుసార్లు తీగ తెగ్గొట్టాడు. ఇప్పుడు కోతకు ముందు రోజు నేనే చుట్టేసి పెడుతున్నాను.