వాల్వు మూత బకెట్టు: కోళ్ళ దాణాకు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురం ప్లాస్టిక్ అంగళ్ళలో దొరికే ఈ 20 లీటర్ల బకెట్టుకు లోపల చిల్లుల బుట్ట, అడుగున కొళాయి, మూతకు గాలి బయటికి మాత్రమే వదిలే వాల్వు ఉంటాయి. ఇడ్లీ పిండికీ, ఊరమిరపకాయలకూ, కోళ్ళ దాణాకూ ఇదొక్కటే చాలని చెప్పి అమ్ముతారు. దాణా గింజలను నీళ్ళలో నానబెట్టి పులియబెట్టడం వరకైతే ఇందులో నిజంగా అక్కరకొచ్చేది ఆ చిల్లుల బుట్టే. వాల్వు లేకపోయినా నడుస్తుంది, కొళాయి మాత్రం తలనొప్పి.

ఉప్పు వేసి రోజుల తరబడి కదపకుండా ఊరబెట్టే కూరగాయలకు గాలి తగలకుండా వాల్వు కాపాడుతుంది. దాణాను ఎలాగూ రోజుకు రెండుసార్లు తెరిచి అడుగుదాకా కలపాలి. మూత వదులుగా పెడితే చాలు. వాల్వు లేని మూతను బిగించారంటే గ్యాసుకు ఉబ్బుతుంది.

పది నాటుకోళ్ళకు రోజుకు సుమారు కిలో పొడి దాణా పడుతుంది. రెండు రోజులకు 2 కిలోల జొన్నలు, మొక్కజొన్న రవ్వ బుట్టలో పోసి, గింజల మీద రెండంగుళాలు నిలిచేలా నీళ్ళు పోయండి. గింజ ఉబ్బి నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి సాయంత్రం మళ్ళీ చూసి పోయాలి. నీళ్ళ పైకి తేలిన గింజకే బూజు పడుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే ముందురోజే పట్టి మూత లేకుండా ఉంచండి. మన ఎండాకాలంలో ఒకటి రెండు రోజుల్లోనే పులుస్తుంది, చలికాలంలో మూడు రోజులు పట్టొచ్చు. దోసె పిండిలాంటి పుల్లటి వాసన వస్తే తయారైనట్టు. సారాయి వాసన వస్తే ఆలస్యమైనట్టు, కుళ్ళు వాసన వస్తే పారబోయాల్సిందే.

బుట్ట చిల్లుల్లోంచి జొన్న జారదు గానీ సజ్జలు, కొర్రలు, నూకలు కిందికి దిగిపోతాయి. పల్చటి గుడ్డ పరవక తప్పదు. తవుడు వేస్తే అడుగున బురదలా పేరుకుని కొళాయి మూసుకుపోతుంది, తీసి కడగడానికి చెయ్యి పట్టదు. తవుడును వడకట్టిన పుల్లనీళ్ళతో తడిపి పెట్టేటప్పుడు కలపడం మేలు. గింజలోని సారం కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది, పారబోయకండి. ఒక గ్లాసు మిగిల్చి తర్వాతి దఫాలో పోస్తే త్వరగా పులుస్తుంది.

మనుషుల తిండికి చేసే పద్ధతులను దాణాకు తెస్తేనే చిక్కులు. ఉప్పు వెయ్యకూడదు, ఎక్కువైతే కోళ్ళకు విషమే. ఊరమిరపకాయల నీళ్ళు కూడా పోయొద్దు. పైన పల్చటి తెల్లపొర కడితే అది ఈస్టు, కలిపేయొచ్చు. నూగులా పచ్చగా, నల్లగా లేస్తే బూజు. పైపైన తీసేసి మిగతాది పెట్టడం తప్పు. ఇడ్లీ పిండిని ఆవిరి మీద ఉడికిస్తాం, కోడి మాత్రం పచ్చిగానే తింటుంది.

గుడ్ల కోళ్ళకని అమ్మే రెడీమేడ్ పొడి దాణా(మ్యాష్)ను ఇందులో పులియబెట్టడం దండగ. అందులోని సున్నపురాయి పొడి పులుపును చంపేస్తుంది, పులుపు లేనిచోట చెడ్డ క్రిములు పెరుగుతాయి. గవ్వల పొడి, సున్నపురాయి విడి గిన్నెలో పెట్టండి.

వేరుశనగ చెక్క విషయంలో ఈ జిల్లావాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. తేమ తగిలిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. పులియబెట్టినంత మాత్రాన, ఉడికించినంత మాత్రాన ఆ విషం విరిగిపోతుందని నమ్మకూడదు. పాత వాసన, ముక్కవాసన వచ్చే చెక్క కొనకండి. మంచిదైనా బకెట్టులో నానబెట్టకుండా, పెట్టే ముందు పొడిగానే కలపండి.

మొదటి వారం పొడి దాణాలో పావు వంతు మాత్రమే పులిసిన దాణా కలిపి అలవాటు చెయ్యాలి. గంటా రెండు గంటల్లో తినేంతే తొట్టిలో వెయ్యండి, మధ్యాహ్నం ఎండకు మిగిలింది పాడై ఈగలు ముసురుతాయి. మూత లోపలి రబ్బరు రింగు వాసన పట్టేసి కడిగినా పోదు కాబట్టి, దాణాకు వాడిన బకెట్టులో మళ్ళీ ఇంటి పిండి పోయొద్దు. చిల్లుల బుట్ట విడిగా అమ్మితే అదొక్కటి కొని, ఆహార పదార్థాలకు పనికొచ్చే సాదా బకెట్టులో దించుకోండి. పెయింటు డబ్బా మాత్రం వద్దు.